సీబీడీ చుక్కల్లో మందు ఎంత?

సంక్రాంతికి భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు అమెరికా నుంచి పిల్లలు దిగితే అమ్మానాన్నలకు విటమిన్ మాత్రలు, బాదం పప్పు, నొప్పులకు రాసుకునే క్రీములు తేవడం ఎప్పటి నుంచో ఉన్నదే. వాటి మధ్య ఒక్కోసారి డ్రాపర్ మూత ఉన్న చిన్న సీసా కూడా ఉంటుంది. సీబీడీ అని మూడక్షరాలు, పక్కన ఆకు బొమ్మ. "మా అబ్బాయి తెచ్చాడండి, మోకాళ్లకి బాగా పనిచేస్తుందటండి. గంజాయిలోంచి తీస్తారంట కదండీ, వాడొచ్చంటారా?"

ఇలా అడిగినవాళ్లను "అమ్మో, గంజాయా!" అని బెదరగొట్టి పంపేయడం నాకు నచ్చదు. ఏళ్ల తరబడి మెట్లు ఎక్కలేక, రాత్రిళ్లు నిద్ర పట్టక ఇబ్బంది పడుతున్న మనిషికి సరైన జవాబు కావాలి.

గంజాయి మొక్కలోంచి తీస్తారన్నది నిజం. సీబీడీ మత్తెక్కిస్తుందన్నది మాత్రం నిజం కాదు. ఆ మొక్కలో కానబినాయిడ్లు అనే రసాయనాలు వందకు పైగా ఉంటాయి. మత్తు ఇచ్చేది టీహెచ్‌సీ. సీబీడీ, అంటే కానబిడియోల్, దానికి తోడబుట్టినది. రెండింటిలోనూ 21 కార్బన్, 30 హైడ్రోజన్, 2 ఆక్సిజన్ పరమాణువులే ఉంటాయి, అమరికలోనే తేడా. ఇజ్రాయెల్ రసాయన శాస్త్రవేత్త రఫేల్ మెషూలమ్ 1963లో సీబీడీ నిర్మాణాన్ని, ఆ మరుసటి ఏడాది సహచరుడితో కలిసి టీహెచ్‌సీ నిర్మాణాన్ని తేల్చారు. మెదడులో టీహెచ్‌సీ వెళ్లి పట్టుకునే గ్రాహకాన్ని సీబీడీ అలా పట్టుకోదు, అందుకే మత్తెక్కదు. సీబీడీకి అలవాటు పడిపోయే లక్షణం కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల కమిటీ 2018లో చెప్పింది. అన్నట్టు, గంజాయి జాతి మొక్కను ఇంగ్లిషులో హెంప్ అని కూడా అంటారు గానీ, వరి కోతలయ్యాక మన చేలల్లో చల్లే జనుముకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. అది చిక్కుడు కుటుంబం మొక్క.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. నేను గట్టిగా చెప్పాలనుకున్నది మోతాదు గురించి. సీసా చేతిలోకి తీసుకుని లేబుల్ చూడండి. 30 మిల్లీలీటర్లు, 600 మిల్లీగ్రాములు అని ఉందనుకుందాం. మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములన్న మాట. మిల్లీలీటరుకు ఇంచుమించు 20 చుక్కలు వస్తాయి కాబట్టి చుక్కకు ఒక మిల్లీగ్రాము. పొద్దున పది, రాత్రి పది చుక్కలు వేసుకునే మనిషి రోజుకు 20 మిల్లీగ్రాములు తీసుకుంటున్నట్టు.

ఇప్పుడు సీబీడీ మందుగా పనిచేస్తుందని గట్టిగా రుజువైన చోటు చూద్దాం. చిన్నపిల్లల్లో వచ్చే రెండు మొండి మూర్ఛ జబ్బులకు, డ్రావే సిండ్రోమ్‌కి, లెనాక్స్ గాస్టో సిండ్రోమ్‌కి, శుద్ధమైన సీబీడీతో చేసిన ఎపిడియోలెక్స్ అనే ద్రావకాన్ని అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో ఆమోదించింది. ఏ మందుకూ లొంగని ఫిట్స్ కొంతమంది పిల్లల్లో బాగా తగ్గాయి. ఆ తల్లిదండ్రులకు అది చిన్న విషయం కాదు. కానీ అక్కడ మామూలు మోతాదు కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాములు, అవసరమైతే 20 దాకా పెంచుతారు. 20 కిలోల పిల్లవాడికి కనీసం 200 మిల్లీగ్రాములు. మన సీసాతో ఆ మోతాదు ఇవ్వాలంటే మూడు రోజులకో సీసా ఖాళీ చేయాలి.

మరి చుక్కల మోతాదులో కీళ్ల నొప్పి తగ్గుతుందా? దీన్ని నేరుగా పరీక్షించారు. డెన్మార్క్‌లో చేతి కీళ్లు అరిగిపోయినవాళ్లు, సోరియాసిస్‌తో కీళ్లు వాచినవాళ్లు మొత్తం 136 మందికి 12 వారాలు మాత్రలిచ్చారు. సగం మందికి రోజుకు 20 నుంచి 30 మిల్లీగ్రాముల సీబీడీ, మిగతా సగానికి మందు లేని మాత్ర. ఎవరిది ఏదో వాళ్లకూ తెలియదు, ఇచ్చినవాళ్లకూ తెలియదు. 2022లో వచ్చిన ఫలితం ప్రకారం రెండు గుంపుల మధ్య నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మందు లేని మాత్ర వేసుకున్నవాళ్లలో కూడా చాలామందికి కొంత తగ్గింది. "నాకు తగ్గిందండి" అని మన పక్కింటి పిన్నిగారు చెప్తే ఆవిడ అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే తగ్గి ఉంటుంది. ఆ తగ్గడం సీబీడీ వల్లే అని మాత్రం చెప్పలేం. కీళ్ల నొప్పి ఒక వారం ఎక్కువ, ఒక వారం తక్కువ ఉంటుంది. ఎక్కువున్న వారంలోనే కొత్త మందు మొదలుపెడతాం.

టెన్షన్ విషయంలో కాస్త ఆశ ఉంది. బ్రెజిల్‌లో 57 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లను ప్రసంగం చేయమని, ముందుగా కొందరికి 150, కొందరికి 300, ఇంకొందరికి 600 మిల్లీగ్రాముల సీబీడీ, మిగతావాళ్లకు మందు లేని మాత్ర ఇచ్చారు. 300 తీసుకున్నవాళ్లలోనే బెదురు తగ్గింది. తక్కువైనా పనిచేయలేదు, ఎక్కువైనా పనిచేయలేదు. అది కూడా ఒక్కసారి వేసుకున్న మోతాదు, చిన్న పరీక్ష. నిద్ర మీద జరిగినవి ఇంకా చిన్నవి, ఒకదానికొకటి పొసగవు.

"అయితే నేనూ 300 వేసుకుంటాను" అనేవాళ్లు ఇక్కడ ఆగాలి. ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు ఏ జబ్బూ లేనివాళ్లకు కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజులు సీబీడీ ఇచ్చి చూశారు. 60 కిలోల మనిషికి అది సరిగ్గా రోజుకు 300. 2025లో ప్రచురించిన ఫలితంలో సుమారు ఇరవై మందిలో ఒకరికి రక్తంలో ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైము మామూలు గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు దాటింది. ఆపేశాక మామూలైంది. పైకి ఏ బాధా తెలియకుండానే లివర్ మీద ఒత్తిడి పడవచ్చన్నదే ఇందులో భయపడాల్సిన సంగతి, రక్తపరీక్ష చేయిస్తే తప్ప బయటపడదు. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2020లో పెద్దవాళ్లు రోజుకు 70 మిల్లీగ్రాములు దాటొద్దంది, 2023 అక్టోబరులో దాన్ని 10కి దించింది. అంటే పని చేయవచ్చనిపించే మోతాదు డాక్టరు పర్యవేక్షణ కావలసిన మోతాదు. పర్యవేక్షణ లేకుండా వాడగలిగే మోతాదులో పని చేస్తుందన్న రుజువు లేదు.

మన ఇళ్లలో ఇంతకంటే ముఖ్యమైన విషయం వేరే ఉంది. అరవై దాటిన మనిషికి సీబీడీ ఒక్కటే మందు కాదు. బీపీ, షుగర్, గుండె మాత్రల డబ్బా పక్కనే ఉంటుంది. చాలా మందుల్ని విరిచి బయటకు పంపే పని లివర్‌లోని కొన్ని ఎంజైములది. సీబీడీ వాటిలో కొన్నింటిని అడ్డుకుంటుంది. లొల్ల లాకుల దగ్గర తలుపులు సగం దించితే కింద కాలువకు నీరు తగ్గి ఎగువన మట్టం పెరిగినట్టే, ఎంజైము నెమ్మదిస్తే రోజూ వేసుకునే అదే మాత్ర రక్తంలో పేరుకుంటుంది. గుండె కవాటం మార్పించుకుని రక్తం పలుచబడే వార్ఫరిన్ వాడుతున్నవాళ్లలో ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చూపే లెక్క) పెరిగిపోయి రక్తస్రావం ముప్పు రావచ్చు. ఫిట్స్‌కి వాడే క్లోబజామ్ నుంచి శరీరంలో తయారయ్యే పదార్థం మోతాదు మించి మగత కమ్మేస్తుంది. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు వాడే టాక్రోలిమస్ కూడా పెరుగుతుంది. ఫిట్స్‌కే వాడే వాల్‌ప్రోయేట్‌తో కలిపితే లివర్‌కి దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ. ఈ మందుల్లో ఏదైనా వాడుతుంటే సీసా మూత తీయకముందే లేబుల్ ఫొటో డాక్టరుకి చూపించండి. "గంజాయి అంటే ఏమనుకుంటారో" అని దాచిపెట్టడం ప్రమాదం.

తిండితో కూడా లెక్క మారుతుంది. సీబీడీ కొవ్వులో కరుగుతుంది. పరగడుపున మింగితే చాలా కొద్దిగానే రక్తంలోకి చేరుతుంది. కొవ్వున్న భోజనంతో తీసుకుంటే నాలుగైదు రెట్లు ఎక్కువ చేరుతుందని ఎపిడియోలెక్స్ పరీక్షల్లో తేలింది. ముద్దపప్పు, ఆవకాయ, గరిటెడు నెయ్యితో తిన్న రోజున అవే పది చుక్కలు వేరే మోతాదు అయిపోతాయి.

లేబుల్‌ని కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. అమెరికాలో ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తుల్ని ల్యాబులో పరీక్షిస్తే మూడో వంతు కూడా లేబుల్‌కి సరిపోలలేదని 2017లో తేలింది. 18 సీసాల్లో టీహెచ్‌సీ దొరికింది. బ్యాచ్ నంబరుతో సహా ల్యాబ్ రిపోర్టు చూపించని సీసాను పక్కన పెట్టేయడమే మంచిది.

ఇక్కడ దొరికే వాటి సంగతి. హెంప్ సీడ్ ఆయిల్ అని అమ్మేది గంజాయి జాతి మొక్క గింజల నూనె, వంటనూనె లాంటిది. ఆ గింజల్ని, నూనెను ఆహారంగా మన దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2021లో అనుమతించింది. అలాంటి ఆహారంలో కిలోకు 75 మిల్లీగ్రాములకు మించి సీబీడీ ఉండకూడదు. చెంచాడు నూనెలో ఒక మిల్లీగ్రాము దాటదు. దాన్ని నొప్పుల మందుగా అమ్మితే మోసమే. ఆయుర్వేద లైసెన్సుతో విజయ (ఆయుర్వేదంలో గంజాయి పేరు) సారం పేరుతో వచ్చేవి వేరు. అవి గంజాయి ఆకు నుంచి తీసినవి, వాటిలో టీహెచ్‌సీ ఉండవచ్చు. భంగు, అంటే ఆ గంజాయి ఆకు, ఆయుర్వేద మందుల నిబంధనల్లోని విషద్రవ్యాల జాబితాలో ఉంది కాబట్టి వైద్య పర్యవేక్షణలోనే వాడాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పూత, కాయ ఉన్న కొమ్మల్నే గంజాయి అంటుంది. పూత లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. అంతమాత్రాన విదేశాల నుంచి తెచ్చిన సీసాకు భరోసా ఉన్నట్టు కాదు. పువ్వు నుంచి తీసిన సారం, అందులో టీహెచ్‌సీ జాడ ఉంటే విమానాశ్రయంలో చిక్కే.

ఈ చిక్కు కోనసీమ నుంచి గల్ఫ్‌కి వెళ్లేవాళ్లకు ఇంకా పెద్దది. అక్కడి మాదకద్రవ్య చట్టాలు చాలా కఠినం. అమెరికాలో షాపులో కొన్నాం కదా అంటే ఎవరూ వినరు. ఉద్యోగానికి ముందు మూత్రపరీక్ష ఉంటే అది వెతికేది టీహెచ్‌సీ ఆనవాళ్లనే. శుద్ధమైన సీబీడీ దాన్ని మామూలుగా పట్టించదు గానీ, ఫుల్ స్పెక్ట్రమ్ (కాస్త టీహెచ్‌సీతో సహా మొక్కలోని పదార్థాలన్నీ ఉండేది) అని రాసి ఉన్న నూనె రోజూ వాడితే పట్టుబడవచ్చు. టీహెచ్‌సీ ఒంట్లోని కొవ్వులో నిలవ ఉంటుంది, ఎక్కువ రోజులు వాడినవాళ్లలో వారాల తరబడి మూత్రంలో కనబడుతూనే ఉంటుంది. కువైట్‌కో దుబాయ్‌కో టికెట్ తీసుకున్నవాళ్లు అలాంటి నూనెను ప్రయాణానికి వారాల ముందే ఆపేయాలి. నూనె అయినా, సీబీడీ కలిపిన జెల్లీ బిళ్లలు (గమ్మీలు) అయినా, మోకాళ్లకు రాసుకునే క్రీము అయినా బ్యాగులో పెట్టకూడదు.