గురి కుదరాలంటే ముందు సైటు కనబడాలి

పిస్టల్‌తో గురి చూసేటప్పుడు కంటి ముందు మూడు వస్తువులు మూడు దూరాల్లో ఉంటాయి: గురి చూడ్డానికి పిస్టల్ పైన వెనక చివర ఉండే వెనక సైటు గాడి, గొట్టం కొస దగ్గర నిలబడి ఆ గాడి మధ్యలో నిలవాల్సిన ముందు సైటు, ఎక్కడో దూరంగా టార్గెట్. కన్ను ఒకసారికి ఒక్క దూరాన్నే స్పష్టంగా పట్టుకోగలదు. అందుకే చూపు ముందు సైటు మీద నిలపమని, టార్గెట్ మసకబారినా ఫర్వాలేదని శిక్షకులు చెబుతారు. రెండు సైట్ల మధ్య 150 మిల్లీమీటర్ల దూరం ఉన్న పిస్టల్‌లో ముందు సైటు గాడి మధ్య నుంచి అర మిల్లీమీటరు పక్కకు జరిగిందంటే, 10 మీటర్ల దగ్గర తూటా 33 మిల్లీమీటర్లు, 25 మీటర్ల దగ్గర 83 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది.

చాలా తుపాకులకు రెండు సైట్లూ నల్లగానే ఉంటాయి. తెల్ల కాగితం మీద, మంచి వెలుతురులో దీనికి మించింది లేదు. 10 మీటర్ల, 25 మీటర్ల పిస్టల్ పోటీలకు సాధన చేసేవాళ్లు సైట్లను నల్లగానే ఉంచుకోవాలి. కొందరు షూటర్లు సైటు మీద మెరుపు రాకుండా కార్బైడ్ దీపం మసి కూడా పట్టిస్తారు. చిక్కంతా ముదురు రంగు టార్గెట్ దగ్గర, చెట్ల నీడలో, సాయంకాలం వేళ వస్తుంది. నలుపు వెనక నలుపు పడి ముందు సైటు అంచు కనబడకుండా పోతుంది. నలభై దాటాక కంటి కటకం బిగుసుకుపోయి చేతి దూరంలో చూపు నిలపడమే కష్టమవుతుంది కాబట్టి ఆ వయసువాళ్లకు ఇబ్బంది ఇంకా ఎక్కువ. ముందు సైటుకు చిన్న రంగు చుక్క పెడితే ఈ కష్టం చాలావరకు తీరుతుంది.

ఏ రంగు? చాలామంది చేయి ముందు ఎరుపు మీదికే పోతుంది. పగటి వెలుతురులో మన కంటికి అన్నిటికంటే ప్రకాశంగా తోచేది 555 నానోమీటర్ల దగ్గరున్న పసుపు కలిసిన ఆకుపచ్చ. 650 నానోమీటర్ల ముదురు ఎరుపు అంతే శక్తితో వచ్చినా కంటికి అందులో పదో వంతే ప్రకాశంగా కనిపిస్తుంది. పొద్దు వాలేకొద్దీ ఎరుపు ఇంకా నల్లబడుతుంది. అందుకని ముదురు ఎరుపు వద్దు. ఆరుబయట పచ్చిక, చెట్లు వెనకాల ఉంటే ఫ్లోరసెంట్ నారింజ, మట్టికట్ట ముందో నల్ల టార్గెట్ మీదో అయితే ఫ్లోరసెంట్ ఆకుపచ్చ బాగా పనిచేస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియనివాళ్లకు నిమ్మపసుపు నయం.

ఫ్లోరసెంట్ అనే మాటకు ఇక్కడ చాలా విలువ ఉంది. మామూలు రంగు తన మీద పడ్డ వెలుతురులో కొంత భాగాన్ని తిప్పి పంపుతుంది, అంతే. ఫ్లోరసెంట్ రంగు కంటికి ఆనని అతినీలలోహిత కిరణాలను, ఊదా, నీలి కాంతినీ పీల్చుకుని వాటిని ఆకుపచ్చగానో నారింజగానో మార్చి వదులుతుంది. తిప్పి పంపే వెలుగుకు ఇది అదనంగా కలుస్తుంది. నీలి కాంతి ఎక్కువగా ఉండే మబ్బు పగటిలో, మునిమాపులో ఇది అంతగా వెలగడానికి కారణం అదే. పాత ఫిలమెంటు బల్బు కింద నీలి కాంతి తక్కువ కాబట్టి అక్కడ అదే రంగు చప్పబడిపోతుంది. ఇంకో సంగతి, ఈ రంగులు పలచన, కింద ఉన్నది కనబడుతుంది. నల్ల ఉక్కు మీద నేరుగా వేస్తే లోపలికి దిగిన వెలుతురంతా ఉక్కు మింగేసి రంగు బురదలా మిగులుతుంది. కింద తెల్ల పూత ఉంటే ఆ వెలుతురు మళ్లీ పైకి వస్తుంది. తెల్ల పూత మానేసి ఫలితం లేదనుకునేవాళ్లే ఎక్కువ.

పనికి ముందు తూటాలు పెట్టే మ్యాగజైన్ తీసి, ఛాంబర్ (తూటా పేలే గది) ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. తూటాలు ఇంకో గదిలో ఉండాలి. పిస్టల్ అయితే స్లైడును, అంటే సైట్లు ఉండే పైభాగాన్ని, విడదీసి దాని మీదే పని చేయండి. రివాల్వర్ అయితే సిలిండర్ తెరిచి ఉంచాలి.

ముందు సైటు ముఖానికి, అంటే గురి చూసే కంటికి ఎదురుగా ఉండే వైపుకు, నూనె పట్టి ఉంటుంది. మెరుపు రాకుండా అడ్డగీతలు చెక్కిన సైటైతే ఆ గీతల్లో మరీ ఎక్కువ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో రుద్ది, దూది మచ్చ లేకుండా తెల్లగా వచ్చేవరకూ మార్చి మార్చి తుడవండి. ఉక్కు సైటుకు అసిటోన్ కూడా పనికొస్తుంది. ప్లాస్టిక్ సైటు దగ్గరికి మాత్రం దాన్ని రానివ్వొద్దు, కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడిపోతుంది. తుడిచాక వేలు తగలకూడదు.

సైటు ముఖం నేలకు సమాంతరంగా, పైకి చూసేలా స్లైడును ఏటవాలుగా ఆనించి కదలకుండా పెట్టండి. అప్పుడు రంగు తనంతట తానే సమంగా పరుచుకుంటుంది. బ్రష్షు కంటే టూత్‌పిక్ మేలు. దాని కొనకు అంటిన చిన్న బొట్టును ముఖం మధ్యలో పెట్టి అంచుల వైపు నెమ్మదిగా లాగాలి. తెల్ల నెయిల్ పాలిష్‌గానీ మోడళ్లకు వాడే అక్రిలిక్ తెలుపుగానీ పలచగా రెండు పూతలు, పూతకూ పూతకూ మధ్య కనీసం అరగంట. దాని మీద ఫ్లోరసెంట్ రంగు రెండుమూడు పూతలు. రాత్రంతా ఆరనిచ్చి ఆఖర్న రంగులేని నెయిల్ పాలిష్ ఒక పూత. ఒకేసారి మందంగా వేస్తే పైపొర ఆరి లోపలి ద్రావకం బయటికి పోలేక ముడతలు పడుతుంది, తర్వాత కాల్పుల అదురుకు పెచ్చుగా లేచిపోతుంది.

రంగు ఎంత మేర పెట్టాలన్నది రంగు ఎంపిక కంటే ముఖ్యం. ముఖమంతా నింపొద్దు. పై అంచున సన్నని నల్ల గీత మిగలాలి, ఎందుకంటే కచ్చితమైన గురికి చూడాల్సింది ఆ అంచునే. రంగు అంచు దాటి పైకి పొర్లితే ఎండలో అంచు గుండ్రంగా, ఉబ్బినట్టు కనిపిస్తుంది. చుక్క బాగుంది కదా అని అంచును వదిలేసి చుక్కనే వెనక సైటు పైఅంచుతో కలిపారనుకోండి: చుక్క మధ్యభాగం అంచుకు 1.5 మిల్లీమీటర్లు కిందుంటే ముందు సైటు అంత మేర పైకి లేస్తుంది, పైన చెప్పిన 150 మిల్లీమీటర్ల లెక్కన 10 మీటర్ల దగ్గర తూటా 10 సెంటీమీటర్లు ఎత్తుకు పోతుంది. రంగు వేశాక తుపాకీ పైకి కొడుతోందని సైటు మార్చే ముందు ఇది చూసుకోవాలి. వెనక సైటుకు రంగు వేయకుండా నల్లగానే వదిలేయండి. దాని చుక్కలు కూడా మెరిస్తే కన్ను మూడు చుక్కల మధ్య తిరుగుతూ ముందు సైటును వదిలేస్తుంది.

చీకట్లో మెరిసే పూతలను జనం రేడియం అంటారు గానీ, ఇప్పుడు దొరికే మంచి పూతల్లో ఉండేది స్ట్రోన్షియం అల్యూమినేట్. దాని రేణువులు ముతకగా ఉంటాయి. పలచటి పూతలో వెలుగు తక్కువ, ముందుగా టార్చి చూపించి వెలుతురు పట్టించాలి, తేమ తగిలితే పాడవుతుంది కాబట్టి పైన రంగులేని పూత తప్పనిసరి. ట్రిటియం గొట్టం అమర్చిన సైటు వేరే సంగతి. ట్రిటియం ఒక రేడియోధార్మిక వాయువు, దానివల్ల గొట్టం తనంతట తానే వెలుగుతుంది కాబట్టి టార్చి అక్కర్లేదు; దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గడానికి పట్టే కాలం, సుమారు 12.3 ఏళ్లు. దాని చుట్టూ రంగు వలయం గీయొచ్చు గానీ గొట్టం ముఖం మీద రంగు పడనీయకూడదు, పడితే గీకకూడదు.

బారెల్ శుభ్రం చేసే ద్రావకాలు చాలావరకు ఈ పూతలను కరిగించేస్తాయి, కాబట్టి శుభ్రం చేసేటప్పుడు ముందు సైటు మీద చిన్న టేపు ముక్క అంటించండి. ఎండకు ఫ్లోరసెంట్ రంగు క్రమంగా వెలిసిపోతుంది. అప్పుడు పాతదాని మీదే మళ్లీ పూయకుండా చెక్కపుల్లతో పెచ్చు లేపి, తుడిచి, తెల్ల పూత నుంచి మొదలుపెట్టండి.