బీడులో కంప మొలిస్తే

ఏప్రిల్ ఎండకు రాయలసీమ బీళ్లన్నీ గోధుమరంగుకు తిరుగుతాయి. పైన గడ్డి ఎండినా వేళ్లలో ప్రాణం ఉంటుంది, తొలకరి పడగానే మళ్లీ చిగురేస్తుంది. ఎండిన ఆ బీడు మధ్యలో ఒక్క పొద మాత్రం నిగనిగలాడుతూ కనిపిస్తే నా చూపు ముందు అక్కడికే పోతుంది. చాలాసార్లు అది సర్కారు తుమ్మే. మా వైపు కంపచెట్టు అంటే అదే.

ఇది ఇక్కడి చెట్టు కాదు, పుట్టిల్లు అమెరికా ఖండాలు. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ 1876లో విత్తనాలు కావాలని రాశారు. మరుసటి ఏడాది జమైకా నుంచి వచ్చిన గింజలను కడప జిల్లా కమలాపురంలో నాటారు. వానలు తక్కువైన నేలలో కట్టెల కొరత తీరుతుందని తర్వాత కూడా చాలాచోట్ల పెంచారు. పొయ్యిలోకి కట్టెలైతే దొరికాయి, కానీ కంప కమ్మేసిన చోట గడ్డి పోయింది.

కంప తీసేటప్పుడు తుమ్మలన్నీ ఒకటే అనుకుని నల్ల తుమ్మనూ జమ్మినీ కూడా నరికేస్తే నష్టం రెండింతలు. అవి ఈ నేలవే. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. నల్ల తుమ్మ పూలు పసుపుపచ్చటి చిన్న బంతులు. సర్కారు తుమ్మ పూత వేలంత పొడవున కంకిలా ఉంటుంది. నల్ల తుమ్మ కాయ గింజగింజకూ మధ్య నొక్కినట్టుండి పూసలదండను గుర్తుచేస్తుంది. సర్కారు తుమ్మ కాయ చిక్కుడులా బల్లపరుపుగా ఉంటుంది, పండితే లేత పసుపురంగుకు వస్తుంది, రుచికి తియ్యన. పూతా కాయా లేని రోజుల్లో ముళ్లు చూడాలి. జమ్మి కొమ్మ మీద పొట్టి ముళ్లు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి. సర్కారు తుమ్మకు అవి కణుపుల దగ్గర, ఎక్కువగా జంటగా వస్తాయి. కొమ్మ కూడా కణుపు కణుపుకూ వంకర తిరుగుతూ పోతుంది.

ఆ తియ్యటి కాయలోనే దాని బలమంతా ఉంది. పశువులు, మేకలు ఇష్టంగా తింటాయి. గట్టి గింజల్లో చాలావాటికి ఏమీ కాదు, పేడలో పడి ఎరువుతో సహా మొలుస్తాయి. అందుకే మంద ఆగే చోట, నీళ్ల తొట్టి పక్కన, పశువులు నడిచే దారి వెంట ముందు వెతకాలి. చిన్న మొక్కను తడినేలలో వేరుతో పీకేయొచ్చు. ఎదిగాక పైపైన నరికితే మోడు చుట్టూ కొత్త కొమ్మలు గుంపుగా లేస్తాయి. మట్టి లోపలి మొదలు దాకా తవ్వి తీయాల్సిందే.

చెట్టొస్తే మంచిదే కదా అని అడిగేవాళ్లకు రోళ్లపాడు చూపించాలి. కర్నూలు వైపు ఉన్న ఆ గడ్డిభూమిని బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసమే 1988లో అభయారణ్యం చేశారు. ఆ పక్షి గూడు కట్టదు. నేల మీదే, మామూలుగా ఒక్క గుడ్డు పెడుతుంది. నక్క వస్తోందో కుక్క వస్తోందో దూరం నుంచే కనిపించాలి. కంప కమ్మేసిన చోట దానికి ఆ చూపు ఆనదు. గడ్డి బీడును బంజరు అనడం, చెట్లు నాటితేనే బాగుపడినట్టు లెక్కేయడం నాకు చాలా బాధగా ఉంటుంది.

బయటినుంచి వచ్చిన మరో కలుపు మొక్క వయ్యారిభామ (పార్థీనియం) సంగతి వేరు, అది వానల్లో చెలరేగుతుంది. 1955 ప్రాంతంలో పుణేలో దాన్ని గమనించారు. దిగుమతి గోధుమలతో వచ్చిందని చాలామంది చెబుతారు. తెల్లటి చిన్న పూలు గుత్తులుగా రాగానే అందరూ గుర్తుపడతారు, కానీ అప్పటికి ఆలస్యమైపోతుంది. ఒక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. మొలిచిన కొత్తలో క్యారెట్ ఆకులా సన్నగా చీలిన ఆకులు నేలకు అంటుకుని గుండ్రంగా పరుచుకుంటాయి. నడిమి కాడ ఇంకా పైకి లేచి ఉండదు. వాన వెలిసిన మర్నాడు, చేతులకు తొడుగులు వేసుకుని పీకాల్సింది అప్పుడే. ఉత్త చేతులతో పీకితే కొందరికి చర్మం దద్దురెక్కి వారాల తరబడి దురద పెడుతుంది.