రాడికల్ హిస్టరెక్టమీలో రక్తస్రావం: వెర్ట్‌హైమ్ నుంచి నేటి దాకా

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలి దశలో చేసే రాడికల్ హిస్టరెక్టమీలో గర్భసంచి ఒక్కటే తీస్తే సరిపోదు. దానికి రెండు పక్కలా ఉండే పారామెట్రియం అనే కణజాలం, యోని పైభాగం, కటి లోపలి లింఫ్ గ్రంథులు కూడా తీయాలి. రక్తం ఎక్కువగా పోయేది ఆ పక్కల్లోనే.

వియన్నాలో ఎర్నెస్ట్ వెర్ట్‌హైమ్ 1898లో ఈ ఆపరేషన్ మొదలుపెట్టారు. మొదటి వందమందిలో దాదాపు 30 మంది చనిపోయారు. యాంటీబయాటిక్స్ లేవు, ఎక్కించడానికి రక్తమూ లేదు. రక్తం గ్రూపుల సంగతి కార్ల్ లాండ్‌స్టైనర్ అదే నగరంలో 1901లో ప్రకటించినా, రక్తాన్ని గడ్డకట్టకుండా ఉంచే సిట్రేట్ పద్ధతి 1914 తర్వాతే వచ్చింది. చికాగోలో ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు 1937లో వెలిసింది. ఈలోగా రేడియం చికిత్స సర్జరీని పక్కకు నెట్టింది. ఆపరేషన్ మళ్లీ నిలదొక్కుకున్నది 1940లలో, బోస్టన్‌లో జో మెగ్స్ చేతుల్లో.

అయితే ఎక్కించే రక్తం దొరకడం వేరు, పోకుండా చూడటం వేరు. ఆ రెండోదానికి దారి వేసిన వారిలో జపాన్‌కు చెందిన ఒకబయాషి ముఖ్యుడు. మూత్రనాళం (మూత్రపిండం నుంచి మూత్రాశయానికి వెళ్లే గొట్టం) చుట్టూ ఉన్న కణజాలాన్ని పొరపొరగా విడదీసే పద్ధతిని ఆయన 1921లో వివరించారు. గర్భాశయ ధమని మూత్రనాళం మీదుగా అడ్డంగా దాటుతుంది. దాన్ని మొదలు దగ్గరే గుర్తించి ముడి వేస్తే సర్జన్‌కు పెద్దగా ఇబ్బంది ఉండదు. అసలు చిక్కు మూత్రనాళం కింద ఉండే లోతు గర్భాశయ సిరతో. గోడ పల్చన, దారి మనిషి మనిషికీ మారుతుంది, చిరిగితే కొస లోపలికి ముడుచుకుపోతుంది. కనిపించని చోట క్లాంపు వేస్తే మూత్రనాళమో, మూత్రాశయపు నరమో దెబ్బతింటుంది. గాజ్‌తో కొన్ని నిమిషాలు గట్టిగా అదిమి, సక్షన్‌తో చోటు శుభ్రం చేసి, చిరుగు కనిపించాకే సన్నని కుట్టు వేయాలి. అందుకే మూత్రాశయం, పురీషనాళం పక్కనున్న ఖాళీలను ముందే తెరిచి పెట్టుకుంటారు.

కటికి రక్తం తెచ్చే పెద్ద ధమని అయిన అంతర్గత ఇలియాక్ ధమనికి ముడి వేస్తే అంతా ఆగిపోతుందని ఆశించినవాళ్లున్నారు. 1960లలో బర్చెల్ కొలిచి చూస్తే, రెండు పక్కలా ముడి వేసినప్పుడు నాడి కొట్టుకునే పీడనం (పల్స్ ప్రెషర్) 85 శాతం తగ్గింది కానీ రక్తప్రవాహం సగం దాకానే తగ్గింది. ధమనుల పోటు తగ్గుతుంది, సిరల రక్తం మాత్రం కారుతూనే ఉంటుంది.

పోయిన రక్తాన్ని కంటితో అంచనా వేస్తే, ముఖ్యంగా ఎక్కువ పోయినప్పుడు, తక్కువ చెబుతాం. గాజ్ తూచి పొడి బరువు తీసేయాలి, గ్రాము సుమారు ఒక మిల్లీలీటరు. సక్షన్ సీసాలోంచి కడిగిన నీళ్ల లెక్క మినహాయించాలి.

1990ల నుంచి లాపరోస్కోపీ (చిన్న కోతల ద్వారా కెమెరాతో చేసే ఆపరేషన్) వచ్చాక పోయే రక్తం బాగా తగ్గిపోయింది. కడుపులో 12-15 మిల్లీమీటర్ల పాదరస పీడనంతో నింపిన వాయువు చిన్న సిరలను నొక్కి ఉంచుతుంది. తక్కువ రక్తం పోవడమే మేలైన ఆపరేషన్‌కు గుర్తుగా చాలామంది తీసుకున్నారు. 2018లో రెండు పద్ధతులనూ పోల్చిన లాక్ (LACC) ట్రయల్ దాన్ని తలకిందులు చేసింది: నాలుగున్నరేళ్లకు క్యాన్సర్ తిరగబెట్టకుండా బతికున్నవారు ఓపెన్ సర్జరీలో 96.5 శాతం, చిన్న కోతల పద్ధతిలో 86 శాతం. రక్తం ఆదా అయింది, ప్రాణాలు కాలేదు.

ఇప్పుడు ఆశ వేరే వైపు ఉంది. కణితి 2 సెంటీమీటర్లు మించక, లోతుగా చొచ్చుకుపోనివారిలో సాధారణ హిస్టరెక్టమీ చేసినా మూడేళ్లకు కటిలో తిరగబెట్టే రేటు దాదాపు అంతేనని 2024లో షేప్ ట్రయల్ చూపింది: 2.52 శాతం, రాడికల్‌లో 2.17. అలాంటివారికి ఆ లోతు సిరల జోలికి పోవాల్సిన పనే ఉండదు.