ఫెర్మాను బోల్తా కొట్టించిన 429 కోట్ల సంఖ్య

4294967297. మన లెక్కలో 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. 2 పవర్ 32కి 1 కలిపితే వచ్చేది ఇదే. ఇది ప్రధాన సంఖ్య అని 1640లో ఫ్రాన్స్‌లో గణితవేత్త పియర్ డి ఫెర్మా గట్టిగా నమ్మాడు.

ఆ నమ్మకానికి కారణం లేకపోలేదు. 2 పవర్ 1, 2, 4, 8, 16... ఇలా పవర్‌ని రెట్టింపు చేసుకుంటూ పోయి ప్రతిదానికీ 1 కలపండి. 3, 5, 17, 257, 65537 వస్తాయి. ఐదూ ప్రధాన సంఖ్యలే. ఇదే వరసలో ఆరోది మన సంఖ్య. ఇక ముందు వచ్చేవన్నీ కూడా అంతేనని ఫెర్మా అనుకున్నాడు, నిరూపించలేకపోయాడు.

1729లో గోల్డ్‌బాక్ అనే గణితవేత్త ఈ సంగతి మరో గణితవేత్త ఆయిలర్‌కు ఉత్తరంలో రాశాడు. మూడేళ్లకు, పాతికేళ్ల ఆయిలర్ జవాబు బయటపెట్టాడు: దీన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది, భాగఫలం 6700417.

641 ఎలా దొరికింది? ఈ సంఖ్యకు కారణాంకం ఏదైనా ఉంటే, దాన్ని 64తో భాగించినప్పుడు శేషం 1 రావాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. ఐదో భాగహారానికే పని అయిపోతుంది! దీని వెనకున్న సూత్రం మనం ఫెర్మా చిన్న సిద్ధాంతం అని పిలుచుకునేదే. దాన్ని ఆయన చెప్పింది కూడా 1640లోనే. అసలు ఏ కిటుకూ లేకుండా 2, 3, 5, 7 అంటూ వరసగా భాగించుకుంటూ పోయినా, 641 కేవలం 116వ ప్రధాన సంఖ్య. ఓపికుంటే కాగితం మీద తేలిపోయే పని. అంతటి మేధావి ఎందుకు చేయలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

641తో భాగించకుండానే సంగతి తేల్చవచ్చు. 641 అంటే 5 × 128 + 1. అదే 641 అంటే 625 + 16 కూడా. మొదటి దాన్నిబట్టి, 641తో భాగిస్తే వచ్చే శేషాల లెక్కలో 5 × 128 అన్నా −1 అన్నా ఒకటే. రెండువైపులా నాలుగో పవర్‌కి పెంచితే 625 × 2 పవర్ 28, 1తో సమానం. రెండోదాన్నిబట్టి 625 బదులు −16 పెట్టుకోవచ్చు. 16 అంటే 2 పవర్ 4 కాబట్టి, 2 పవర్ 32 కాస్తా −1తో సమానమైపోయింది. దానికి 1 కలిపితే శేషం సున్నా. ఇంత చక్కటి నిరూపణ అరుదు.

ఆ మొదటి ఐదు సంఖ్యలూ ఊరికే పోలేదు. స్కేలు, వృత్తలేఖినితోనే 17 భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చని 1796లో గణితవేత్త గాస్ తేల్చింది వీటి బలంతోనే. 65537 అయితే ఇవాళ ఇంటర్నెట్ భద్రతకు వాడే ఆర్ఎస్ఏ తాళాల్లో రోజూ పనిచేస్తోంది.

ఆరో సంఖ్య దగ్గర తెగిన వరస మళ్లీ అతకలేదు. ఆ తర్వాతిదాన్ని 1880లో లాండ్రీ అనే గణితవేత్త విడగొట్టాడు. దాని చిన్న కారణాంకం 274177. ఇప్పటిదాకా తేలినవన్నీ సంయుక్త సంఖ్యలే. 2 పవర్ 1048576కి 1 కలిపితే వచ్చే 3,15,653 అంకెల సంఖ్యది మరీ విచిత్రం: అది ప్రధాన సంఖ్య కాదని రుజువైంది గానీ, దాన్ని భాగించే సంఖ్య ఒక్కటి కూడా ఎవరికీ దొరకలేదు.