ఫోన్ కొనిచ్చాం కదా, ఇంకేం కావాలి? - ఆన్‌లైన్ చదువులపై అపోహలు, వాస్తవాలు

కావలిలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతాను. దాంతోపాటు కేంద్ర ప్రభుత్వ వేదిక స్వయంలో, ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్‌లో ఆన్‌లైన్ కోర్సుల్లో చేరే పిల్లలకు మెంటర్‌ని. పేరుకు మెంటర్, చేసే పని వెంటపడటం. వింజమూరు, ఉదయగిరి, సీతారామపురం వైపు నుంచి వచ్చే పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ ఆన్‌లైన్ చదువు గురించి ముందే నిశ్చయం చేసుకుని వచ్చే సంగతులు కొన్ని ఉంటాయి. అవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇదంతా కరోనాతో వచ్చింది, కరోనాతోనే పోవాల్సింది.

ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి ఎన్‌పీటీఈఎల్ మొదలుపెట్టింది 2003లో. అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీ తన పాఠాలను నెట్‌లో ఉచితంగా పెడతానని ప్రకటించింది 2001లో. ఇంకా వెనక్కి పోతే, ఆస్ట్రేలియా నడిమి ఎడారిలో విసిరేసినట్టుండే పశువుల ఫారాల్లోని పిల్లలకు 1951 నుంచే రేడియోలో క్లాసులు జరిగేవి. ఆ పిల్లలు తిరిగి మాట్లాడే వీలు కూడా ఉండేది. 2020లో మాత్రం ఎవరికీ సిద్ధమయ్యే టైం లేకుండా అందరూ ఒకేసారి ఫోన్ ముందు కూర్చోవాల్సి వచ్చింది. యునెస్కో లెక్కలో ఒక దశలో ప్రపంచం మొత్తం మీద 150 కోట్ల మందికి పైగా విద్యార్థుల బడులు, కాలేజీలు మూతపడ్డాయి. ఆ గందరగోళాన్ని చూసి మొత్తం పద్ధతినే కొట్టిపారేస్తే ఎట్లా?

అపోహ: ఫోన్, డేటా ఉంటే చాలు.

ముందు ఆ ఫోన్ ఎవరిదో అడగాలి. పల్లె పిల్లల చదువు మీద జరిగే అసర్ సర్వే ప్రకారం మన దేశంలోని పల్లెల్లో బడికెళ్లే పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో సుమారు 36 శాతం, 2020కి సుమారు 62 శాతం. అయితే ఇంట్లో ఉన్న ఫోన్ పిల్ల చేతిలో ఉందనుకోకూడదు. పొద్దున్నే అది నాన్నతో రొయ్యల గుంటల కాడికి పోతుంది. రాత్రి ఇంటికి చేరాక పెద్దోడి చేతిలోకి, ఆ తర్వాత, ఛార్జింగ్ మిగిలితే, అమ్మాయి చేతిలోకి. మా దగ్గర చేరేవాళ్లను నేను మొదట అడిగేది మార్కులు కాదు, ‘ఫోన్ నీకు ఏ టైంకి దొరుకుతుంది?’ అని. లైవ్ క్లాసు కన్నా రికార్డు చేసిన పాఠం మా పిల్లలకు నయమనేది అందుకే.

డేటా సంగతీ అంతే. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌లో గంట పాఠం వీడియో క్వాలిటీ 720లో పెట్టి చూస్తే జీబీ దాకా లాగేస్తుంది. 360లో పెడితే మూడొందల ఎంబీ అటూ ఇటూ. బోర్డు మీది అక్షరాలకు అది చాలు. కాలేజీ వైఫైలో ముందే డౌన్‌లోడ్ చేసుకుని పొమ్మంటాను. విననివాళ్లు నెలాఖరులో వచ్చి నెట్ అయిపోయిందంటారు.

అసలు స్మార్ట్‌ఫోనే లేని చోట ఏం చేయొచ్చో ఆఫ్రికాలోని బోట్స్వానా చూపించింది. 2020లో బడులు మూసినప్పుడు అక్కడ కొన్ని వేల ఇళ్ల మీద పరిశోధన చేశారు. కొందరికి వారం వారం లెక్కలు ఎస్ఎంఎస్‌లో పంపారు. ఇంకొందరికి ఎస్ఎంఎస్‌తో పాటు టీచర్ ఫోన్ చేసి పదిహేను ఇరవై నిమిషాలు పిల్లతో, ఇంట్లోవాళ్లతో మాట్లాడి లెక్క చేయించారు. టీచర్ ఫోన్ చేసి మాట్లాడిన పిల్లలు లెక్కల్లో స్పష్టంగా ముందుకెళ్లారు. ఒట్టి ఎస్ఎంఎస్ అందుకున్నవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఇంటర్నెట్ ఊసే లేదు, మామూలు బటన్ ఫోన్ సరిపోయింది. ‘లెక్క చేశావా అమ్మా?’ అని అడిగే మనిషి ఉన్నారు, అంతే తేడా. నేను వెంటపడతానని విసుక్కునే పిల్లలకు ఈ సంగతి తరచూ చెబుతుంటాను.

అపోహ: పెద్ద ప్రొఫెసర్ చెబుతున్నారు, వింటే వచ్చేస్తుంది.

గట్టు మీద కూర్చుని రోజంతా నాట్లు చూసినా చేతికి నాటు రాదు. వీడియో కూడా అంతే. వింటున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని పుస్తకం మూసి గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే మూసి రాసినవాళ్లదే. మా పిల్లలు ఆ మొదటి ఐదు నిమిషాల ధైర్యంతోనే పరీక్షకు వెళ్తారు.

ఒకబ్బాయి నోట్సు చూపిస్తాను. ఎడమ పేజీలో లెక్క ప్రశ్న, పక్కనే వీడియో ఆపిన నిమిషం: 11.40. అక్కడి నుంచి తను సొంతంగా చేసుకుపోయిన మెట్లు పెన్సిల్‌తో ఉన్నాయి. కుడి పేజీలో ప్రొఫెసర్ చేసిన పద్ధతి పెన్నుతో ఉంది. రెండూ ఎక్కడ విడిపోయాయో అక్కడ ఎర్ర గీత. అరగంట పాఠానికి గంటన్నర పట్టిందన్నాడు. పట్టాల్సిందే. రెండింతల స్పీడ్‌లో పెట్టుకుని అసైన్‌మెంట్ గడువు రోజు రాత్రి చూసేవాళ్లకు పదిహేను నిమిషాలే పడుతుంది మరి.

అన్నట్టు, అసైన్‌మెంట్ జవాబులు టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతాయని నాకూ తెలుసు. వాటితో 25కి 24 తెచ్చుకోవచ్చు. కానీ ఎన్‌పీటీఈఎల్‌లో మిగతా 75 మార్కులు కేంద్రానికి వెళ్లి, నిఘా మధ్య రాసే పరీక్షవి. అందులో 30 రాకపోతే సర్టిఫికెట్ లేదు. అక్కడికి టెలిగ్రామ్ రాదు.

అపోహ: ఇంట్లో ఉండి చదువుకోవడం ఆడపిల్లలకు సుఖం.

కాలేజీలో ఉన్నంతసేపూ ఆడపిల్లకు ఎవరూ పని చెప్పరు. ఇంట్లో చెవిలో ఇయర్‌ఫోన్ ఉన్నా, ‘పొయ్యి మీద పాలు చూడు’, ‘చిన్నోడికి అన్నం పెట్టు’, ‘మామయ్య వాళ్లొచ్చారు, కాఫీ కలుపు’. అబ్బాయి ఫోన్ పట్టుకుంటే చదువుకుంటున్నాడంటారు, అమ్మాయి పట్టుకుంటే ఎవరితో మాట్లాడుతోందోనని చూస్తారు. అయితే పెళ్లితో చదువాగిన వాళ్లకు, పిల్లల్ని బడికి పంపాక రెండు గంటలు దొరికేవాళ్లకు ఇది నిజంగానే తెరుచుకున్న తలుపు. ఆ రెండు గంటలు తనవేనని ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి.

అపోహ: అన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి.

ఎన్‌పీటీఈఎల్‌లో చాలా కోర్సుల పాఠ్యం తెలుగులోనూ దొరుకుతోంది. ముందు అది చదివి తర్వాత వీడియో పెట్టుకోండి. ఉచ్చారణ భయం సగం పోతుంది.

అపోహ: నూటికి తొంభై మంది మధ్యలో మానేస్తారు, కాబట్టి దండగ.

లెక్క నిజమే, ఇంకా ఘోరం కూడా. హార్వర్డ్, ఎంఐటీలు ఎడెక్స్ అనే వెబ్‌సైట్‌లో పెట్టిన ఆన్‌లైన్ కోర్సుల మీద 2019లో వచ్చిన విశ్లేషణలో, 2017-18లో చేరినవాళ్లలో పూర్తి చేసింది సుమారు 3 శాతం. కానీ ఆ పరిశీలనలోనే, పేరు నమోదు చేసుకున్నవాళ్లలో సగానికి పైగా పాఠం ఒక్కసారైనా తెరవలేదని తేలింది. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో 46 శాతం పూర్తి చేశారు. ఉచితం కదా అని క్లిక్ చేసినవాడినీ, పట్టుబట్టి కూర్చున్నవాడినీ ఒకే గాటన కట్టి లెక్క తీస్తే అట్లాగే వస్తుంది.

అపోహ: స్క్రీన్ వచ్చాక మాస్టారు అక్కర్లేదు.

దక్షిణ అమెరికాలోని ఉరుగ్వేలో 2007 నుంచి ప్రభుత్వ బడి పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. ఇంగ్లిష్ చెప్పే టీచర్లు చాలక 2012 నుంచి వీడియోలో, వేరే దేశాల నుంచి కూడా, టీచర్లను తెచ్చారు. అప్పుడూ క్లాసులో ఉండే టీచర్‌ని తీసేయలేదు. వారంలో ఒక క్లాసు వీడియో టీచర్‌ది, మిగతావి క్లాసు టీచర్‌వి. అందులోనూ ఆ క్లాసు టీచర్‌కు ఇంగ్లిష్ అంతంతమాత్రం! మన బడుల్లో పెద్ద టీవీలాంటి ప్యానెల్ బోర్డు పెట్టి ఇద్దరు టీచర్ల పని ఒకరికి అప్పజెప్పాలని చూసేవాళ్లు దీన్ని గమనించాలి.

అపోహ: ఆన్‌లైన్ డిగ్రీ చెల్లదు. లేదా, ఏ ఆన్‌లైన్ డిగ్రీ అయినా చెల్లుతుంది.

ఈ రెండూ మా ఊళ్లో ఒకే వీధిలో వినిపిస్తాయి. గుర్తింపు ఉన్న యూనివర్సిటీ, అనుమతి ఉన్న కోర్సు అయితే ఆన్‌లైన్ డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమని యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2022లో స్పష్టంగా చెప్పింది. ఆ అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో, మీరు చేరే సంవత్సరానికి చూసుకోవాలి. పాత జాబితా పనికిరాదు. ఇంజినీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, లా డిగ్రీలకు ఆన్‌లైన్‌లో అనుమతే లేదు. ‘ఇంట్లో కూర్చుని బీటెక్’ అని నెల్లూరులో ఎవరైనా కరపత్రం చేతిలో పెడితే ఫీజు కట్టకుండా తిరిగొచ్చేయండి.