వెలగవలసింది అద్దం కాదు, ముఖం

పడకగదిలో దీపం తరచుగా పైకప్పు నడుమనో, మంచం వెనక గోడ మీదనో ఉంటుంది. అద్దం మాత్రం గదిలో ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడికి చేరుతుంది. అందువల్ల అద్దం ముందు కూర్చున్న మనిషికి వెలుగు నడినెత్తి మీది నుంచో, వీపు వైపు నుంచో వస్తుంది. పై నుంచి వస్తే కనుగుంటలు, ముక్కు కింది భాగం, గడ్డం కింది భాగం నీడలో మునిగి, ఎంత హాయిగా నిద్రపోయి లేచినా ముఖం అలసిపోయినట్టు కనబడుతుంది. వెనక నుంచి వస్తే ముఖమంతా నీడే. అద్దానికి అంటించుకునే చిన్న ఎల్ఈడీ దీపాలు ఈ ఇబ్బందిని తీర్చగలవు. అయితే వాటిని అమర్చేటప్పుడు అద్దాన్ని వెలిగిస్తున్నామనే భావనతో మొదలుపెడితే పని చెడుతుంది.

అద్దానికి తనదంటూ వెలుగు లేదు. ముఖం మీద పడిన కాంతి అన్ని వైపులకూ చెదురుతుంది. అందులో అద్దాన్ని చేరిన భాగమే పరావర్తనం చెంది మన కంటికి వస్తుంది. కాబట్టి దీపం ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు జవాబు అద్దం ఆకారంలో దొరకదు. కూర్చున్నప్పుడు మన కళ్ళు, చెంపలు ఏ ఎత్తులో ఉంటాయో అక్కడ దొరుకుతుంది. అద్దం వెనక అంచున ఎల్ఈడీ పట్టీ అంటిస్తే గోడ మీద అందమైన కాంతివలయం ఏర్పడుతుంది గాని, ముఖానికి అందేది గోడ నుంచి తిరిగి వచ్చే కొద్దిపాటి వెలుగు మాత్రమే.

రెండు పక్కలా దీపాలు ఎందుకు ఉండాలో ఒక చిన్న లెక్క చెబుతుంది. చిన్న దీపం నుంచి వచ్చే కాంతి తీవ్రత దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. దీపం ఒక పక్కనే ఉండి, దగ్గరి చెంపకు 40 సెంటీమీటర్లు, అవతలి చెంపకు 52 సెంటీమీటర్లు దూరమైతే, దూరం వల్లనే దగ్గరి చెంప మీద దాదాపు 1.7 రెట్లు ఎక్కువ కాంతి పడుతుంది. దానికి ముక్కు నీడ తోడవుతుంది. రెండో పక్కన అదే ఎత్తులో మరో దీపాల వరుస పెట్టినప్పుడు ఒకదాని నీడను మరొకటి నింపుతుంది. వరుస పొడవుగా ఉన్నకొద్దీ నీడల అంచులు మెత్తబడతాయి. గ్రహణాల పాఠంలో చదువుకున్న ప్రచ్ఛాయ (కటిక నీడ), ఉపచ్ఛాయలే (దాని చుట్టూ ఉండే పలుచని నీడ) ఇక్కడ ముక్కు పక్కన కనబడతాయి: కాంతిజనకం పెద్దదైతే ఉపచ్ఛాయ వెడల్పవుతుంది, కటిక నీడ కుంచించుకుపోతుంది. పాలరంగు మూత ఉన్న దీపాలను ఎంచుకోవడం వల్ల మరో లాభం కూడా ఉంది. సూదిమొనల్లాంటి చుక్కలు నేరుగా కంట్లో పడితే కంటిపాప చిన్నదవుతుంది, కంటి లోపల చెదిరిన కాంతి పలుచని తెరలా కమ్ముతుంది. ఎంత వెలుగున్నా ముఖంలోని సన్నని వివరం కనబడదు.

ఇక రంగు సంగతి. నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది దీని మీదే. నీలి ఎల్ఈడీని సాధించినందుకు శాస్త్రవేత్తలు అకసాకి, అమనో, నకమురా 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నారు. నేటి తెల్ల ఎల్ఈడీలలో ఎక్కువ భాగం ఆ నీలి చిప్ మీద పసుపు ఫాస్ఫర్ (నీలి కాంతిని పీల్చుకుని పసుపు కాంతిని వెదజల్లే పదార్థం) పూత వేసి చేసినవే. నీలం, పసుపు కలిసి కంటికి తెలుపుగా తోస్తాయి, కాని ఆ తెలుపులో ముదురు ఎరుపు చాలా తక్కువగా ఉండవచ్చు. మన చర్మపు ఛాయకు జీవం పోసేది ఆ ఎరుపే. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆకుపచ్చ, పసుపు కాంతులను గట్టిగా పీల్చుకుని ఎరుపును వదిలేస్తుంది. వదలడానికి ఎరుపే లేకపోతే చర్మం పాలిపోయి కనబడుతుంది. దీపం డబ్బా మీద ఉండే సీఆర్ఐ అంకె, ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనబడతాయో నూటికి చెప్పే కొలత. అది ఎనిమిది లేత రంగుల సగటు. ముదురు ఎరుపును కొలిచే ఆర్9 ఆ సగటులో చేరదు. అందుకే సీఆర్ఐ 80 ఉన్న దీపానికి కూడా ఆర్9 సున్నా దగ్గర ఉండవచ్చు. సీఆర్ఐ 90 దాటి, ఆర్9 కూడా 50కి పైన ఉన్నవి వెతకడం మంచిది.

పరికరాలేవీ లేకుండా దీన్ని చూడవచ్చు. పగటిపూట ఒక అరచేతిని కిటికీ వెలుగులో, రెండోదాన్ని దీపం వెలుగులో ఉంచి, వేళ్ళ కొసలను పోల్చండి. కిటికీ దగ్గర గులాబీ రంగులో ఉన్న కొసలు దీపం కింద బూడిద రంగుకు తిరిగితే ఆ దీపం ముఖానికి పనికిరాదు. 2700 కెల్విన్ల (వెలుగు ఛాయను తెలిపే కొలత) పసుపు వెలుగుకైనా, 6500 కెల్విన్ల నీలిఛాయ వెలుగుకైనా కన్ను కొద్ది నిమిషాల్లో చాలావరకు సర్దుకుంటుంది. లేని ఎరుపును మాత్రం అది పుట్టించలేదు. ఒక వెలుగులో చర్మంతో చక్కగా కలిసిపోయిన ముఖలేపనం మరో వెలుగులో అట్టకట్టినట్టు వేరుగా కనబడటానికి కారణం కూడా ఇదే కోవలోది: రెండు రంగులు ఒక కాంతిలో ఒకటిగా తోచి, మరో కాంతిలో విడిపోతాయి. బయటికి వెళ్ళేందుకు సిద్ధమయ్యేవారికి 4000 నుంచి 5000 కెల్విన్ల మధ్య దీపం అనువుగా ఉంటుంది.

చివరిది జిగురు. నేను మొదట అంటించిన దీపాలు మూడో రాత్రికే ఒక్కొక్కటిగా రాలిపోయాయి. తడిగుడ్డతో తుడిచి, అద్దం ఆరకముందే అంటించడం నేను చేసిన పొరపాటు. దీపాల వెనక ఉండే అంటు పట్టీల జిగురు చాలా చిక్కని ద్రవంలా మెల్లగా పారుతూ గాజు ఉపరితలాన్ని తడుపుతుంది. నీటి పొర గాని, వేలిముద్రల జిడ్డు గాని మధ్యలో ఉంటే అది గాజును తాకనే తాకదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను మెత్తని గుడ్డకు అద్ది తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, ఒక్కో దీపాన్ని గట్టిగా అదిమి పట్టుకోవాలి. ద్రవాన్ని నేరుగా అద్దం మీద చల్లితే అంచుల నుంచి వెనకకు జారి వెండి పూతను నల్లబరచవచ్చు. అక్రిలిక్ నురుగుతో చేసిన అంటు పట్టీలు గది ఉష్ణోగ్రత వద్ద పూర్తి బలం పుంజుకోవడానికి సుమారు 72 గంటలు పడుతుంది కాబట్టి అంతవరకు తీగ బరువు వాటి మీద పడనీయకూడదు. గాజుకు సమాంతరంగా లాగే బలాన్ని జిగురు మొత్తం వైశాల్యం మీద పంచుకుని ఓర్చుకుంటుంది. అంచు నుంచి ఒలిచే బలమైతే ఒక సన్నని గీత మీదే కేంద్రీకృతమవుతుంది. వేలాడే తీగ చేసేది సరిగ్గా ఈ ఒలిచే పనే. అందుకే తీగను ప్రతి దీపం దగ్గరా విడిగా ఒక చిన్న అంటు ముక్కతో పట్టించాలి.

ఎప్పుడైనా తీసివేయవలసి వస్తే హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసి, గట్టి దారాన్ని దీపానికీ గాజుకూ మధ్య దూర్చి రంపంలా అటూ ఇటూ లాగితే, జిగురు గాజు మీద గీత పడకుండా తెగి వస్తుంది.