వెన్న వాసన వేసిన లాగర్

"కెగ్‌లోకి (బీరు నిల్వచేసే పీపాలోకి) మార్చేటప్పుడు రుచి చూశాను, ఏ వాసనా లేదు. మూడు వారాల తర్వాత గ్లాసులోకి వంపితే వెన్న వాసన! మధ్యలో ఎక్కడినుంచి వచ్చింది?" మిషిగన్‌లో ఇంట్లోనే లాగర్ అనే, చల్లగా పులియబెట్టే రకం బీరు తయారుచేయడం కొత్తగా మొదలుపెట్టిన మిత్రుడి ప్రశ్న ఇది. ఇంత మంచి ప్రశ్న నన్ను ఈ మధ్య ఎవరూ అడగలేదు. మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నానబెట్టడం, చేదు రుచినిచ్చే హాప్స్ పూలు మరిగించడం ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి కాబట్టి వాటిని వదిలి నేరుగా వెన్న దగ్గరికి వస్తాను.

ఆ వాసన పేరు డైఎసిటైల్. పెరుగు చిలికి తీసిన వెన్నకు కమ్మదనం ఇచ్చేదీ ఇదే. అక్కడ దాన్ని బాక్టీరియా తయారుచేస్తాయి. లీటరు లాగర్‌లో మిల్లీగ్రాములో పదోవంతు ఉన్నా చాలామంది ముక్కు పట్టేస్తుంది.

విచిత్రం ఏమిటంటే, బీరును పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్టు డైఎసిటైల్‌ను నేరుగా తయారుచేయదు. ఈస్టు పెరగడానికి వాలీన్ అనే అమైనో ఆమ్లం కావాలి. మాల్టు రసంలో దొరికింది చాలకపోతే, చక్కెర విరిగినప్పుడు వచ్చే పైరువేట్ నుంచి ఆల్ఫా-అసిటోలాక్టేట్, దాన్నుంచి మరికొన్ని మెట్ల మీదుగా వాలీన్ తయారుచేసుకుంటుంది. మధ్యలో పోగుపడిన అసిటోలాక్టేట్ కొంత కణం నుంచి బీరులోకి కారిపోతుంది. బయటపడ్డాక ఏ ఎంజైము సాయమూ లేకుండా, తనంతట తానే, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును వదిలి డైఎసిటైల్‌గా మారుతుంది.

అసిటోలాక్టేట్‌ను పచ్చి మామిడికాయ అనుకోండి. కాయకు పండు వాసన ఉండదు. గడ్డిలో వెచ్చగా మాగేస్తే త్వరగా పండుతుంది, చల్లగా ఉంచితే వారాలు పడుతుంది. పండాక చిలుకలు వచ్చి తినేస్తాయి. ఇక్కడ చెట్టూ ఈస్టే, చిలుకా ఈస్టే! డైఎసిటైల్‌ను లోపలికి తీసుకుని అసిటాయిన్‌గా, ఆపైన బ్యూటేన్‌డయోల్‌గా మార్చేస్తుంది. వాటి వాసన మన ముక్కుకు దాదాపు ఆనదు. అయితే ఈ చిలుక కాయను ముట్టదు, పండునే తింటుంది. అందుకే మొత్తం వ్యవహారం కాయ పండే వేగం మీద ఆధారపడి ఉంటుంది.

మిత్రుడు 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర పులియబెట్టాడు. బుడగలు ఆగగానే 2 డిగ్రీలకు దించాడు. కాయలు పచ్చిగానే ఉండిపోయాయి, చిలుకలు అడుగున పడి నిద్రపోయాయి. పైనున్న తేట బీరును కెగ్‌లోకి మార్చాడు. కాయలు అక్కడ తీరిగ్గా పండాయి. తినేవాళ్లు లేరు.

బడిలో మనం చక్కెర ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుందని ఒక్క సమీకరణం రాసి పులియడాన్ని ముగించేస్తాం. కారణాలు చెప్పని చోట నమ్మకాలు చేరతాయి. బహిష్టులో ఉన్న స్త్రీ ముట్టుకుంటే ఊరగాయ బూజు పడుతుందనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. తడి గరిటె చేసిన పనికి మనిషిని నిందించడం నాకు బాధ కలిగిస్తుంది.

మరి మిత్రుడు చేయాల్సిందేమిటి? బీరు సాంద్రతను కొలిచే హైడ్రోమీటరు 1.050 నుంచి 1.015కు దిగి, ఇంకా నాలుగైదు పాయింట్లు (1.010 దాకా) దిగాల్సి ఉన్నప్పుడే బీరును 17, 18 డిగ్రీలకు తేవాలి. రెండు మూడు రోజులు అక్కడే ఉంచాలి. కాయలు పండుతాయి, చిలుకలు మెలకువగా ఉంటాయి. బుడగలను నమ్మవద్దు, ముక్కును నమ్మండి. రెండు గ్లాసుల్లో బీరు తీసుకుని ఒకదానికి మూత పెట్టి 65 డిగ్రీల వేడినీళ్లలో అరగంట ఉంచండి. చల్లార్చి రెండూ వాసన చూడండి. వేడి చేసిన గ్లాసులో మాత్రమే వెన్న వాసన వస్తే ఇంకా కాయలున్నాయని అర్థం. దేనిలోనూ రాకపోతే నిశ్చింతగా చల్లబరచవచ్చు.

మరి ఇప్పుడున్న కెగ్ సంగతి? పారబోయనక్కర్లేదు. జర్మన్ తయారీదారుల పాత పద్ధతి ఒకటుంది. చురుగ్గా పొంగుతున్న కొత్త బీరును పదోవంతు కలిపి, గాలి ఒత్తిడిని అప్పుడప్పుడు వదులుతూ, కొన్నాళ్లు వెచ్చగా ఉంచాలి. ఆకలిగొన్న చిలుకలను బయటినుంచి తెచ్చి తోటలో వదలడమే అది.